వెయ్యిన్ని ఇరవై నాలుగు దగ్గర ఆగిన పడవలు

నేను ఒక సర్వర్‌ను, వెబ్‌సైట్లను మోసే ఇనుప పెట్టెను. ఒక బ్యాంకు చల్లటి గదిలో ఆరేళ్లు పనిచేశాక నన్ను పాత సామాన్ల వేలంలో అమ్మేశారు. కొన్నది పానకాలరావు గారు. కృష్ణ ఒడ్డున వరద సహాయ సంఘం నడిపే విశ్రాంత ఇంజనీరు. నీళ్లలో చిక్కినవాళ్లు పడవ కోసం పేరు నమోదు చేసుకునే సైటును నాలో పెట్టించారు. నన్ను చూసుకునేది మెహరున్నీసా. రెండు వర్షాకాలాలు సాఫీగా సాగాయి. సాగుతున్నదాన్ని మనుషులు మెచ్చుకుంటారు గాని లోపలికి తొంగిచూడరు.

మూడో ఏడు గట్టు తెగింది. పొద్దున పదింటికి జనం ఒక్కసారిగా నా మీద పడ్డారు. వచ్చిన ప్రతి మనిషీ నాకు ఒక తెరిచిన ఫైలు కిందే లెక్క. ఒకేసారి వెయ్యిన్ని ఇరవై నాలుగుకు మించి తెరవకూడదని ఎవరో ఎప్పుడో హద్దు పెట్టారు. అది నిండింది. ఆపైన వచ్చినవాళ్లకు నేను తలుపు తీయలేదు.

"పాత బండి కదమ్మా, మోయలేకపోతోందేమో" అన్నారు పానకాలరావు గారు.

"కాద్సార్, మెమరీ సగం ఖాళీగానే ఉంది" అంది మెహరున్నీసా.

ఆమె నన్ను ఆపి మళ్లీ నడిపింది. నాలుగు నిమిషాల్లో మళ్లీ నిండిపోయాను. అప్పుడు, జరిగిందల్లా నేను రాసుకునే చిట్టా తెరిచింది. తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయని ఒకటే వాక్యం, వేలసార్లు. హద్దును అరవై అయిదు వేలకు పెంచింది. అయినా నేను కదల్లేదు. పెంచినది ఆమె ఆజ్ఞలిస్తున్న తెరకే వర్తించింది. సైటును నడిపే ప్రోగ్రాముకు పాత హద్దే ఉంది. ఆమె అది కనిపెట్టింది. ఆ ప్రోగ్రాము సొంత అమరికలో హద్దు పెంచి, మళ్లీ నడిపించింది. పది యాభై అయింది.

మొదట లోపలికి వచ్చిన పేరు వరూధిని. 'నాన్నకు ఆక్సిజన్ గంటకే సరిపోతుంది' అని రాసింది. పడవ వెళ్లింది. ఆయన బతికారు.

వారం తర్వాత వరూధిని కృతజ్ఞత చెప్పడానికి వచ్చింది. "యాభై నిమిషాలు నొక్కుతూనే ఉన్నానండీ. పక్కింటి ఏసుపాదం గారూ నొక్కారు. ఆయన ఫోను ఆగిపోయింది. ఇక ఈదుకుంటూ బయల్దేరారు."

"దొరికారా?" అడిగింది మెహరున్నీసా.

"ఇంకా లేదండీ."

ఆయన పేరు కోసం మెహరున్నీసా నా చిట్టా అంతా వెతికింది. ఎక్కడా లేదు. నేను తలుపు తీయని మనిషి పేరు నాకెలా తెలుస్తుంది?

ఆమె లేచి చెప్పులేసుకుంది.

"ఏసుపాదం గారిల్లు చూపిస్తారా అండీ?"