లైవ్ చూడటం లేదు

సాయంత్రం ఆరయ్యేసరికి నళిని స్టవ్ మీద టీ గిన్నె పెట్టి, హాల్లోకి వచ్చి టీవీ కింద ఉన్న గేమ్ కన్సోల్ ఆన్ చేస్తుంది. దియ అప్పటికే హోంవర్కు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటుంది. కన్సోల్ కాసేపు గుయ్యిమంటుంది. లైవ్ అన్న వరసలో క్రికెట్ ఛానెళ్ళు, వార్తలు, ఒక వంటల ఛానెలు దాటాక చివర్లో దివాకర్ వస్తాడు.

దివాకర్ నళిని భర్త. నవంబరు పదకొండున, ఇంటి నుంచి పని చేస్తున్న రోజు, ఆఫీసు కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ భుజం పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాడు. కాల్‌లో ఉన్నవాళ్ళు ఆయన మైకు ఆపేసుకున్నాడనుకుని, మ్యూట్ తీయమని రెండుసార్లు చెప్పారట. నలభై ఒక్క ఏళ్ళు. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి ఈ ఛానెల్లో వస్తున్నాడు.

ఛానెల్లో పెద్దగా ఏమీ జరగదు. అమెరికాలో, పార్సిప్పనీలోని ఇదే అపార్ట్‌మెంట్, ఇదే సోఫా. దివాకర్ వచ్చి బ్యాగు కింద పెట్టి, బూట్లు విప్పి, స్టీలు గిన్నెలో మిక్చర్ పోసుకుని కూర్చుంటాడు. పల్లీలన్నీ ఏరి ఒక పక్కకి పెట్టుకుంటాడు, చివర్లో తినడానికి. పెళ్ళైన కొత్తలో ఈ అలవాటు చూసి నళిని నవ్వేది. మాట వినిపించదు గానీ మిక్చర్ నమిలే చప్పుడు వినిపిస్తుంది. మధ్య మధ్యలో తలెత్తి తెరలోంచి వీళ్ళిద్దరి వంకా చూస్తాడు. ఎనిమిదింటికి లేచి లోపలికి వెళ్ళిపోతాడు. నళిని కన్సోల్ ఆపేసి కుక్కర్ పెడుతుంది.

కింద ఫ్లాటులో ఉండే స్మృతి, ఆమె భర్త జితేందర్ వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోతారు. వచ్చేటప్పుడు ఏదో ఒక కూర తెస్తారు.

"కొంచెం తగ్గినట్టున్నాడు అన్నయ్య," అంటుంది స్మృతి.

"ఇది రికార్డెడే వదినా," అంటాడు జితేందర్. "పాత క్లిప్పులు క్లౌడ్‌ల సేవ్ అయి ఉంటయి. అవే తిప్పి తిప్పి వేస్తున్నరు."

"రికార్డెడ్ అయితే ఆ కిటికీ చూడు. పొద్దున పడ్డ మంచు ఆయన వెనకాల కూడా ఉంది కదా."

జితేందర్ కిటికీ కేసి చూసి, కూర గిన్నె మూత సర్దుతాడు. మొగుడూ పెళ్ళాం ఆ వాదన తేల్చుకోకుండానే మెట్లు దిగిపోతారు.

లైవా రికార్డెడా అన్న గొడవ ఆ ఇంటికి కొత్త కాదు. అమెరికా రాకముందు వాళ్ళు ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్ళో ఆరేళ్ళున్నారు. దియ అక్కడే పుట్టింది. అక్కడ ఇంట్లో లైవ్ టీవీ చూస్తే లైసెన్సు ఉండాలి. గేమ్ కన్సోల్ మీద చూసినా సరే, లైవ్ అయితే లైసెన్సు ఉండాల్సిందే. ఒకరోజు లైసెన్సు ఆఫీసు ఆయన తడిసిన కోటుతో గుమ్మంలో నిలబడి ఈ సంగతే ఓపిగ్గా చెప్పాడు. ముందుకు జరపగలిగితే అది రికార్డెడ్, జరపలేకపోతే లైవ్, అంతే తేడా అన్నాడు. దివాకర్ తలుపు సగమే తీసి, మేము లైవ్ చూడం సార్ అన్నాడు. ఆయన వెళ్ళాక వెబ్‌సైట్‌లో 'లైవ్ చూడటం లేదు' అన్న గడిలో టిక్కు కూడా పెట్టాడు. ఆ టిక్కు పెట్టేటప్పుడు వెనకాల టీవీలో టెస్టు మ్యాచ్ నడుస్తూనే ఉంది. నళినికి ఆ అబద్ధం చాలాకాలం గుచ్చుకుంది.

ఇప్పుడు అంతకంటే పెద్ద ముల్లు ఉంది. నళిని, దియ అమెరికాలో ఉన్నది దివాకర్ ఉద్యోగానికిచ్చిన హెచ్1బి వీసా మీద ఆధారపడి. ఆయన పోవడంతో భార్యాపిల్లలకిచ్చే హెచ్4 వీసా కూడా పోయింది. లాయరు రాగిణి ఫోన్లో మెత్తగానే చెప్పింది. "మార్చి ఆఖరు దాకా నేను లాగగలను నళినీ. ఆ తర్వాత బయల్దేరాలి." దియకి ఇండియా పాస్‌పోర్టు ఉంది గానీ, ఇండియాలో ఆ పిల్ల మొత్తం మీద గడిపింది ఏడు వారాలు. మూడో తరగతి. స్కూల్లో స్నేహితురాళ్ళున్నారు, వసంతంలో నాటకంలో వేషం ఉంది. వేషం అంటే ఉడత. తోక కూడా కుట్టించుకుంది.

జనవరిలో రెడింగ్ నుంచి శశికాంత్ ఫోన్ చేశాడు. దివాకర్ స్నేహితుడు. వీళ్ళు ఖాళీ చేసిన ఫ్లాటులో ఇప్పుడు అతనే ఉంటున్నాడు.

"వదినా, లైసెన్సు వాళ్ళ లెటర్లు ఇంకా అన్న పేరు మీదే వస్తున్నాయి. మీ కన్సోల్ మీద లైవ్ చూస్తున్నారా లేదా అని మళ్ళీ అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో ఒక్క టిక్ పెట్టేస్తే అయిపోద్ది."

అమెరికాలో టీవీకి లైసెన్సు అన్న మాటే లేదు. ఇంకెవరైనా అయితే ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకునేవాళ్ళు. కానీ పదిహేనేళ్ళు వీసాల మీద బతికినవాళ్ళు అలా చెయ్యలేరు. ఏ దేశపు ఫారమైనా, ఏ మూల తప్పు రాసినా, రేపు కాన్సులేటు కిటికీ దగ్గర ఎవరో దాన్ని బయటికి తీస్తారని వాళ్ళ ప్రాణం కొట్టుకుంటుంది. ఎక్కడా అబద్ధం సంతకం పెట్టొద్దని రాగిణి మరీ మరీ చెప్పింది కూడా. అందుకని నళిని ఆ ప్రశ్నకి నిజమైన జవాబే ఇవ్వాలనుకుంది.

ఆ సాయంత్రం దివాకర్ పల్లీలు ఏరుతుండగా ఆమె కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ ముందుకు జరిపే మీట జోలికి పోలేదు. పోతే ఏం తెలుస్తుందోనని భయం. కళ్ళు మూసుకుని దాన్ని నొక్కి, కళ్ళు తెరిచింది. తెర కదల్లేదు. ఎర్ర చుక్క ఒకటి వచ్చి, పక్కన లైవ్ అన్న అక్షరాలు వెలిగాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. దివాకర్ తలెత్తి చూశాడు.

నళిని చాలాసేపు ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. ఆ తర్వాత ఫారం తెరిచి 'లైవ్ చూస్తున్నాము' అని టిక్కు పెట్టింది. కన్సోల్ ఎవరి పేరు మీద ఉంది అన్నచోట దివాకర్ పేరు, ఉత్తరాలు పంపే చిరునామా అన్నచోట పార్సిప్పనీ చిరునామా రాసింది. రెండు వారాలకి లైసెన్సు కాగితం పోస్టులో వచ్చింది. దివాకర్, లైవ్, ఏడాది పాటు చెల్లును.

నళిని ఆ కాగితం స్కాన్ తీసి రాగిణికి పంపి, ఫోన్ చేసింది.

"డెత్ సర్టిఫికెట్ ఉంది కదండీ మరి?" అంది నళిని.

"ఉంది. ఇదీ ఉంది. రెండూ గవర్నమెంట్ కాగితాలే. ఏది తర్వాతి తేదీదైతే అదే నేను ఫైల్లో పైన పెడతాను. కానీ లైవ్ అంటే సరిపోదు. ఎంప్లాయర్ ఉండాలి, జీతం ఇచ్చినట్టు పే స్టబ్ ఉండాలి. ఉంటే హెచ్1బి ఉన్నట్టే, మీ హెచ్4 ఉన్నట్టే."

దివాకర్ పని చేసిన కన్సల్టింగ్ కంపెనీ యజమాని కోటేశ్వరరావుగారు. పెద్దకర్మ నాడు ఇంటికొచ్చి దియ తల నిమిరి కళ్ళు తుడుచుకున్న మనిషి. నళిని ఫోన్ చేస్తే వెంటనే ఒప్పుకున్నాడు.

"మనవాడే కదమ్మా. ఆ ప్రాజెక్టులో కూడా ఇంకా ఎవరూ సెట్ అవ్వలేదు, క్లయింట్ రోజూ అడుగుతున్నాడు. సోమవారం లాగిన్ అవ్వమను."

ఆదివారం మధ్యాహ్నం నళిని ఆఫీసు లాప్‌టాప్ దుమ్ము తుడిచి, ఛార్జి పెట్టి, టీవీ ముందు బల్ల మీద పెట్టింది. సోమవారం పొద్దున కన్సోల్ ఆన్ చేసేసరికి బల్ల మీద లాప్‌టాప్ లేదు. తెరలో దివాకర్ ఒళ్ళో ఉంది. ఆయన దాన్ని తెరిచి, ఇటు ఒకసారి చూసి, టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

మొదటి పే స్టబ్ వచ్చిన రోజు స్మృతి పాయసం చేసి తెచ్చింది. "గండం గడిచింది వదినా," అంది. జితేందర్ తెర వంక చూసి, "అన్న మస్తు బిజీ అయిపోయిండు," అని నవ్వబోయి ఊరుకున్నాడు.

నిజంగానే బిజీ అయిపోయాడు. పొద్దున తొమ్మిది నుంచి ఆరు దాకా అనుకున్నది ఎనిమిది దాకా సాగింది. తర్వాత నళిని ఎప్పుడు ఆన్ చేసినా అదే సోఫా, అదే లాప్‌టాప్. ఇప్పుడు మిక్చర్ చప్పుడు లేదు, కీబోర్డు చప్పుడే. స్టీలు గిన్నె పక్కన పడి ఉండేది, ఏరిన పల్లీలు అలాగే మిగిలిపోయేవి. శనివారాలు, ఆదివారాలు కూడా పోయాయి. క్లయింటు పెద్ద రిలీజు ఒకటి దగ్గరపడుతోందని కోటేశ్వరరావుగారు మెసేజి పెట్టాడు. నవంబరులో ఆగిపోయిన రిలీజు అదే.

దియ స్కూల్లో వేసిన బొమ్మలు పట్టుకొచ్చి తెర ముందు ఎత్తి చూపించేది. మునుపైతే దివాకర్ వాటి కేసి చూసేవాడు. ఇప్పుడు తలెత్తడు. కళ్ళ కింద నల్లగా వాచింది, గడ్డం పెరిగింది. బతికున్నప్పుడు కూడా ఆయన అలా లేడు. లేడు అనుకుంది గానీ నళినికి తర్వాత గుర్తొచ్చింది. ఆఖరి రెండు నెలలూ అచ్చం అలాగే ఉన్నాడు. ఆమె గమనించలేదు, టీ కప్పు పక్కన పెట్టి వెళ్ళిపోయేది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరి చివరి గురువారం దియ స్కూల్ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా తెర ముందు నిలబడిపోయింది.

"మమ్మీ, డాడీ మళ్ళీ అలా చేస్తున్నాడు."

"ఎలా?"

దియ కుడి చేత్తో తన ఎడమ భుజం పట్టుకుని చూపించింది. "ఆరోజు చేశాడు కదా. లైక్ దిస్. నేను చూశాను, కానీ నీకు చెప్పలేదు. ఐ థాట్, ఇట్స్ జస్ట్ పెయిన్."

ఆ మాట ఆ పిల్ల మూడు నెలలుగా మోస్తోందని నళినికి అప్పుడే తెలిసింది. దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. తెరలో దివాకర్ ఒక చేత్తో భుజం నొక్కుకుంటూ రెండో చేత్తో టైపు చేస్తున్నాడు.

నళిని కోటేశ్వరరావుగారికి ఫోన్ చేసింది.

"ఆయనకి ఒంట్లో బాగోలేదండీ. ఒక్క వారం సెలవివ్వండి."

"ఇద్దును తల్లీ, కానీ లీవులన్నీ నవంబరులోనే అయిపోయాయి. అన్‌పెయిడ్ అంటే పే స్టబ్ రాదు. పే స్టబ్ లేకపోతే నీకే కష్టం. రిలీజ్ అయ్యేదాకా ఓపిక పట్టమను. మూడే వారాలు."

రాగిణి కూడా అదే చెప్పింది. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు. అందరూ ఆమె మంచికే చెప్పారు. మూడు వారాలు ఆ మనిషి తట్టుకోడని ఆమెకి తెలుసు. ఒకసారి పోయినవాడు మళ్ళీ ఈ పిల్ల కళ్ళ ముందే, లైవ్‌లో పోతాడు.

కన్సోల్ ఆపేస్తే మాత్రం ఏం లాభం? వీళ్ళు చూడకపోయినా ఆయన అక్కడ పని చేస్తూనే ఉంటాడు.

గోడకి దియ ఉడత తోక వేలాడుతోంది. నళిని దాని కేసి కాసేపు చూసి, సొంత లాప్‌టాప్ తెచ్చుకుని సోఫాలో కూర్చుంది. లైసెన్సు ఆఫీసు పేజీ తెరిచింది. మీ పరిస్థితి మారిందా అన్న ప్రశ్న కింద రెండు గడులున్నాయి.

దియ ఆమె భుజం మీదుగా చదివింది. దానికి ఇంగ్లీషు తల్లికంటే త్వరగా వస్తుంది. "లైవ్ చూడటం లేదు అని పెడుతున్నావా? బట్ మనం చూస్తున్నాం కదా. దట్స్ ఎ లై, మమ్మీ."

"అవును. మీ నాన్న కూడా ఒకసారి ఇదే పెట్టాడు."

"మనం వెళ్ళిపోవాలా అప్పుడు?"

"వెళ్ళిపోవాలి."

దియ చాలాసేపు గోడ మీది తోకని చూసింది. ఏడుపు వస్తున్నట్టు మొహం పెట్టింది గానీ ఏడవలేదు. తర్వాత తల్లి చేతి మీద చెయ్యి వేసింది. నళిని టిక్కు పెట్టింది.

తెరలో కీబోర్డు చప్పుడు ఆగింది. దివాకర్ కాసేపు వేళ్ళు అలాగే ఉంచి, లాప్‌టాప్ మూసి కింద పెట్టాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. పక్కనున్న స్టీలు గిన్నె దగ్గరికి లాక్కుని, ఇన్ని రోజులుగా మిగిలిపోయిన పల్లీలు ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాడు. నములుతూ తలెత్తి చూశాడు. దియని చూశాడు, తర్వాత నళినిని చూశాడు. ఎర్ర చుక్క ఆరిపోయింది. దాని చోట అడుగున సన్నటి గీత ఒకటి వచ్చింది, ఒక చివర సున్నా, రెండో చివర ఇరవై రెండు నిమిషాలు.

ఇరవై రెండో నిమిషంలో ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తెరలో ఖాళీ సోఫా ఉంది. అది కూడా ఆగిపోయింది.

"అయిపోయిందా?" అంది దియ.

"అయిపోయింది. కావాలంటే వెనక్కి తిప్పి చూడొచ్చు."

"ఇండియాలో కూడా?"

"ఎక్కడైనా. రికార్డెడ్‌కి లైసెన్సు అక్కర్లేదు."

దియ కంట్రోలర్ తీసుకుని గీతని సున్నా దగ్గరికి జరిపింది. దివాకర్ మళ్ళీ లాప్‌టాప్ మూసి కింద పెట్టాడు. నళిని ఫోన్ తీసి రాగిణికి మెసేజి రాయడం మొదలుపెట్టింది. నవంబరు నుంచి అందరికీ ఆయన లేరని చెబుతోంది గానీ, ఆ ఒక్క మాట ఎప్పుడూ రాయలేదు. రెండుసార్లు చెరిపి మూడోసారి రాసింది.

"ఫైల్లోంచి లైసెన్సు కాగితం తీసేయండి. మా ఆయన చనిపోయారు."