మేనత్త చెప్పిన పేరు

బాలింతకు పెట్టే ఎల్లిగడ్డ కారానికి గడ్డలు ఒలవడం మా ఇంట్లో ఎప్పుడూ నా పనే. కాలేజీకి సెలవు పెట్టి, నల్గొండలో బస్సెక్కి మోత్కూర్‌లో దిగి, సంచీ గోడకు ఆనించేలోపే అమ్మ నా ముందు చేట పెట్టింది. ఇరవై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లిషు చెబుతున్న మనిషి ఆ సంచీ పక్కనే గోడకు ఆనుకుని ఉండిపోతుంది. గడప దాటి లోపలికి వచ్చేది ఆడబిడ్డ. ఆడబిడ్డ వస్తే ఒలవాలి, దంచాలి, బాలింతకు నీళ్ళు కాచాలి, చూడవచ్చిన వాళ్ళకు చాయ్ పెట్టాలి. అమ్మ పక్కన కూర్చుని చేసే పని ఏదైనా నాకు ఇష్టమే. ఆ పనులను ఎవరూ పనులుగా చూడరన్నదే కోపం, ఆ కోపం కూడా అమ్మ ముఖం చూస్తే నిలవదు.

“రేపు తమ్ముని బిడ్డను తొట్లెల ఏసుడు. పేరు నువ్వే జెప్పాలె, యాదున్నదా?” అంది అమ్మ, రోట్లో ఉప్పు వేస్తూ.

“యాదున్నదమ్మా.”

“నీ పేరే పెట్టు బిడ్డా. ఇంకేం ఆలోచన జెయ్యకు.”

నా పేరు అంతమ్మ. ముగ్గురు అక్కల తర్వాత నాలుగోదాన్ని పుట్టినప్పుడు, ఆడపిల్లలు ఇక్కడితో అంతమని బాపు పెట్టిన పేరు. అందులో ద్వేషం లేదు. బాపు పేరు భిక్షం. ఆయనకు ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే మా నాయినమ్మ కొంగు పట్టి అయిదిళ్ళు అడుక్కొచ్చి, భిక్షగా దొరికిన బిడ్డ అని ఆ పేరు పెట్టింది. పేరు పెడితే దేవుడు వింటాడని నమ్మిన ఇల్లు మాది. విన్నాడు కూడా. నా వెనక శివకుమార్ పుట్టాడు. ఆ రోజు నుంచి నేను ఇంటికి అదృష్టాన్ని. అక్కలు ముగ్గురూ పదో తరగతి చూడకుండానే అత్తవారిళ్ళకు వెళ్ళారు. నన్ను మాత్రం బాపు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని కాలేజీలో దించాడు. “నా కొడుకును దెచ్చిన బిడ్డ” అని దారిలో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. నన్ను ప్రేమించారు, చాలా ప్రేమించారు. తలుపును ప్రేమించినట్టు, దాని గుండా వచ్చినవాడి కోసం.

పెళ్ళి కుదిరినప్పుడు మా ఆయన కమలాకర్ వాళ్ళక్క శుభలేఖ అచ్చు వేయించి తెచ్చింది. వధువు పేరు ‘రమ’ అని ఉంది. “అంతమ్మ అని ఏపిస్తే సుట్టాలు నవ్వుతరమ్మా, అందుకే మార్పించినం” అంది, మంచి చీర కొనిచ్చినంత ఆప్యాయంగా. మా అత్తగారు ఇంకొంచెం వివరంగా చెప్పింది: “అంతమ్మా అని పిలిస్తె బాసండ్లు తోమేటామెను పిలిచినట్టుంటది.” ఆ ఇంట్లో బాసండ్లు తోమింది నేనే కనుక పేరు మార్చడంలో ఏం కలిసొచ్చిందో నాకు అర్థం కాలేదు. కమలాకర్ మెత్తని మనిషి. “నువ్వేమంటవు?” అని అడిగితే, “నిన్ను ఏమని పిల్చినా పలుకుతవు గదా” అన్నాడు నవ్వుతూ. అది నిజం కాబట్టే అంతగా గుచ్చుకుంది. అలా కాలేజీలో అంతమ్మ మేడంగా, ఇంట్లో రమగా రెండు పేర్లకూ పలుకుతూ బతికాను. ఆ రెంటిలో నన్ను నన్నుగా పిలిచే పేరు ఏదన్న ప్రశ్న మాత్రం చాలా ఏళ్ళు నాకు తట్టనే లేదు.

తట్టించింది జనేలే అనే స్నేహితురాలు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఎండాకాలం సెలవుల్లో, హైదరాబాదులో ఇంగ్లిషు ఉపాధ్యాయుల శిక్షణ తరగతులకు వెళ్ళినప్పుడు హాస్టల్లో నా పక్క గది ఆమెది. దక్షిణాఫ్రికాలో కొండల మధ్య పల్లెలో బడి పంతులమ్మ, జూలూ మనిషి. నవ్వితే వసారా అంతా వినిపించేది. ఒక సాయంత్రం డాబా మీద ఇద్దరం బట్టలు ఆరేస్తున్నాం. అప్పుడే కమలాకర్ ఫోన్ చేస్తే, చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ పెట్టాను. “రమా, పప్పుకు కుక్కర్ కూతలు ఎన్ని రావాలె?” అని అడిగాడు. చెప్పి పెట్టేశాను.

“నీ పేరు రమా? మరి తరగతిలో వేరే పేరు పిలుస్తారే?” అంది జనేలే.

ఏది ఎవరు పెట్టిందో చెప్పాను. శుభలేఖ కథ విని ఆమె ఎంత నవ్విందంటే చేతిలోని తడి దుప్పటి నేలమీద పడింది. అంతమ్మకు అర్థం చెప్పాక నవ్వు ఆపి, నా భుజం మీద చెయ్యి వేసింది.

“అయితే మనిద్దరం ఒకే ఇంట్లో పుట్టాం. జనేలే అంటే మా భాషలో ‘ఇక వీళ్ళు చాలు’ అని. ఆడపిల్లలు చాలు అని. నేను అయిదోదాన్ని. నా పై అక్క పేరుకు అర్థం ‘మళ్ళీ ఆడపిల్ల’. మా నాన్న వరసగా ఉత్తరాలు రాసినట్టు మమ్మల్ని కన్నాడు.”

“మరి కొడుకు పుట్టాడా?”

“లేదు. ఆరోదీ ఆడపిల్లే. అప్పటికి ఆయనకు పేర్లు అయిపోయాయి. మా అమ్మమ్మ పెట్టింది, ‘మేం సంతోషించాం’ అని.”

ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్ళయ్యాక అక్కడి స్త్రీని అత్తవారింట్లో పుట్టింటి వంశం పేరుతో పిలుస్తారట. ఆమె సొంత పేరు మెల్లగా ఇంటి వెనక్కు వెళ్ళిపోతుంది. కోడలు మామగారి పేరు పలకకూడదు, ఆ పేరులోని శబ్దం ఉన్న మాటలు కూడా పలకకుండా వేరే మాటలు వెతుక్కుంటుంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వాకిట్లో ఎవరైనా అడుక్కోవడానికి వస్తే అమ్మ “భిక్షం ఎయ్యి” అని ఏనాడూ అనలేదు. అది మా బాపు పేరు. “గా అయ్యకు దోసెడు గింజలు పొయ్యి” అనేది. బాపు పోయాక కూడా అంతే. ఇది చెబితే జనేలే మళ్ళీ పెద్దగా నవ్వి, తర్వాత తాపీగా అంది:

“మా దగ్గర పేరు పెట్టేది బిడ్డకే, కానీ చాలాసార్లు ఆ మాట చెప్పేది ఇంకెవరికో. ఇంట్లో అందరూ వినాలని పెడతారు. నా పేరు మా నాన్న మా అమ్మకు చెప్పిన మాట. మోసింది నేను, విన్నది ఆమె. నీ పేరు ఎవరికి చెప్పిన మాట?”

దేవుడికి అనబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్నకు ఆమెకు జవాబు చెప్పకుండానే తరగతులు ముగిశాయి.

అమ్మ రోలు ముందు నుంచి లేచాక నీళ్ళ బకెట్ తీసుకుని సుమన గదిలోకి వెళ్ళాను. సుమన మా మరదలు, శివకుమార్ భార్య. చెవులకు గుడ్డ కట్టుకుని, సాంబ్రాణి పొగలో పాపను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇది మూడో ఆడపిల్ల. తలుపు దగ్గరకు వేయమని సైగ చేసింది.

“వదినా, నీకు కోపం రావద్దు. నీ పేరంటే నాకు పానం. కానీ ఆ పేరు పెట్టకు.”

“ఎందుకే?”

“పెడితె మల్ల కనాలె. మూడు కోతలైనయ్. కాన్పప్పుడే పిల్లలు గాకుంట ఆపరేషన్ చేస్తమన్నరు దవాఖానల. అత్తమ్మ ‘గంత తొందరేంది’ అన్నది, ఆయన గమ్మున నిలబడ్డడు. ఇంకోపారి అయితె పానానికి జిమ్మేదారి నాది కాదని డాక్టరమ్మ మొఖం మీదనే చెప్పింది. నీ పేరు పెట్టిన్రంటె, వదినా, ఇంక నేను వద్దనేదానికి నోరుండది.”

ఆ పేరు పాపకు పెట్టేది కాదని, సుమన కడుపుకు పెట్టేదని నాకు అప్పుడు అర్థమైంది. జనేలే అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఆ పొగలోనే కనిపించింది. అంతమ్మా అని బాపు వాకిట్లోంచి, అక్కలు బావి దగ్గరనుంచి, పంతులు బడి అరుగు మీదనుంచి పిలిచినప్పుడల్లా నేను పలికాను, వినవలసింది అమ్మ. ఆడపిల్లను కనడం ఇక ఆపు అన్న మాట రోజూ ఆమె చెవిన పడింది, అదీ తన బిడ్డ పేరుగా. అయినా ఆ పేరునే మనవరాలికి అడుగుతోంది. ఆమెకు తెలిసిన మంత్రం అదొక్కటే.

బయట శివ స్కూటర్ తుడుస్తున్నాడు. ఆపరేషన్ సంగతి అడిగాను.

“అమ్మ మనసు నొప్పియ్యొద్దని గమ్మునున్న అక్కా.”

“సుమన పానం నొప్పిస్తే ఏం గాదా?”

గుడ్డ మడిచి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. వాడు చెడ్డవాడు కాడు. వాడు పుట్టిన రోజు నుంచి ఇంటిల్లిపాదీ వాడి కోసం నోరు విప్పారు. తను విప్పవలసిన సందర్భమంటూ వాడికి రాలేదు. పెద్ద పాప వర్షిత వరండాలో అట్ట మీద వంశవృక్షం గీస్తోంది, బళ్ళో చెప్పారట. తాత దగ్గర ‘భిక్షం’ అని రాసి, పక్క గడిలో ‘నాయినమ్మ’ అని రాసింది.

“పేరు రాయాలె గదరా.”

“మమ్మీని అడిగితే, ‘అత్త పేరు నేను చెప్పొద్దు’ అన్నది. నాయినమ్మను అడిగితే, ‘నా పేరు నీకెందుకే, శివ వాళ్ళమ్మ అని రాయి’ అన్నది అత్తమ్మా.”

అమ్మను బాపు “ఇన్నవా” అని పిలిచేవాడు. వాడకట్టుకు ఆమె మొదట పెద్దదాని తల్లి, తర్వాత శివ వాళ్ళమ్మ.

మరునాడు పొద్దున నడింట్లో దూలానికి తొట్లె కట్టారు. టేకు తొట్లె, అమ్మ పుట్టింటిది. మేం అయిదుగురం అందులోనే ఊగాం. ఎవరైనా అడిగితే “మా శివునికి కొడుకు పుట్టినంక తీస్కపోండ్రి” అని అమ్మ ఏళ్ళ తరబడి దాన్ని గడప దాటనివ్వలేదు. నానిన శెనగలు వాయినానికి సిద్ధంగా ఉన్నాయి. అక్కలు, సుమన తల్లి, వాడకట్టు ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. నలుగురు మేనత్తలున్నా పేరు చెప్పడం నాకే ఇచ్చారు, తమ్ముడికి ముందు పుట్టినదాన్నని. అమ్మ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది, పట్టరాని సంతోషంతో.

పాప చెవి దగ్గర వంగి మూడుసార్లు చెప్పాను. లేచి నిలబడి అందరికీ వినిపించేట్టు అన్నాను: “సైదమ్మ.”

“ఎవలు?” అంది అమ్మ.

“సైదమ్మ. దాని నాయినమ్మ పేరు పెట్టుకున్నం.”

పెద్దక్క నోటిలోని శెనగలు మింగి, “అమ్మ పేరు సైదమ్మనా? నేను సైదులమ్మ అనుకుంటున్న ఇన్నొద్దులు” అంది. ఆడవాళ్ళు నవ్వారు. అమ్మ నవ్వలేదు.

“నేను జెప్పిందేంది, నువ్వు జేసిందేంది? గా ముసల్దాని పేరేందే ఈ కాలపు పిల్లకు. బడిల నవ్వరా?”

“నన్ను జూసి గూడ నవ్విన్రు. ఏం గాలె.”

మేనత్త నోట వచ్చిన పేరును మార్చకూడదని నాకు చిన్నప్పుడు నేర్పింది అమ్మే. ఇక తొట్లె ఊపుతూ ఒక్కొక్కరూ పాపను పిలవాలి, ముందు కన్నతల్లి. సుమన తాడు పట్టుకుని నిలబడిపోయింది.

“అత్తమ్మా, నీ పేరు నేనెట్ల అంటనే.”

అమ్మ సుమన వైపు, తర్వాత తొట్లె వైపు చూసింది.

“పిలువు బిడ్డా” అంది. “ఏం గాదు, పిలువు.”

“సైదమ్మా” అంది సుమన, ఊపిరితో అన్నట్టు.

“ఆఁ” అని పలికింది కుర్చీలోంచి అమ్మ.

“నిన్ను గాదు నాయినమ్మా, చెల్లెను” అని వర్షిత అరిచింది. ఈసారి నవ్వులు ఆగలేదు. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళు నిండాయి.

“ఎన్నేండ్లాయెనో. మా అవ్వ పోయినంక నన్ను గిట్ల ఎవ్వలు పిల్వలె” అంది. “ఇంకోపారి పిలువు సుమనా.”

సుమన మళ్ళీ పిలిచింది. ఈసారి అమ్మ పలకలేదు, కళ్ళు మూసుకుని విన్నది. ఎవరితోనూ కాక తనతో తాను చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

“నాకైతె మూడో కాన్పుకే పానం అలిసింది. ఎవలన్న అడిగిన్రా.” ఆ వెంటనే మామూలు గొంతు వచ్చేసింది. “పొల్లకు నడక వచ్చినంక ఈ తొట్లెను మీ చెల్లె ఇంటికి తోలియ్యి సుమనా. ఆమెకు అక్కరకొస్తది.”

గుమ్మంలోంచి శివ, “మరి మనకు, అమ్మా?” అన్నాడు.

“మనకేందిరా మనకు. మూడు కోతలు పడ్డయి పొల్లకు. ఆ ఆపరేషనేందో మొగోళ్ళకు గూడ జేస్తరట గద, రేపు నువ్వే పో డాక్టరమ్మ తానికి.”

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. శివ చెవులు ఎర్రబడ్డాయి. “పోతనే” అన్నాడు చివరికి. సుమన గుడ్డ కట్టిన తల గోడకు ఆనించి, నా వైపు చూడకుండానే నా చెయ్యి పట్టుకుంది.

నవ్వులకు పాప లేచి ఏడుపు అందుకుంది.

“అంతమ్మా, తాడు గుంజు బిడ్డా, పొల్ల లేచింది” అని పిలిచింది అమ్మ.

పుట్టినప్పటి నుంచీ ఆ పిలుపు నా మీదుగా వెళ్ళి ఆమెకే తగిలేది. ఈసారి నా దగ్గరే ఆగింది. నేను వెళ్ళి తాడు పట్టుకున్నాను.