ఇరవై నాలుగో చోటు

నేను ఒక జాబితాను. కూరగాయల మార్కెట్టు ఆఫీసులో ఉన్న కంప్యూటరులో ఉంటాను. నాలో ఇరవై నలుగురి పేర్లున్నాయి. అందరూ ఆ మార్కెట్టులో కూర్చుని అమ్ముకునేవాళ్ళే.

నన్ను తయారుచేసింది సంయుక్త అనే అమ్మాయి. పెద్దగా కష్టపడలేదు. జాబితాలను వరసలో పెట్టడానికి, తిరగేయడానికి, కలగలపడానికి, అక్కర్లేని పేరు తీసేయడానికి కావలసిన పనిముట్లు ప్రోగ్రామింగు భాషలోనే సిద్ధంగా ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే వచ్చి పని చేసి పోతాయి. ఎందుకని అడగవు.

ఏ నెల ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చడం నా పని. నాలో ఎన్నో పేరైతే మార్కెట్టులో అన్నో చోటు. అంతకుముందు కుండలో చీటీలు వేసి తీసేవారట. మార్కెట్టు సూపర్నెంటు సన్యాసినాయుడు గారు మడత చూసి తనవాళ్ళ చీటీలే తీస్తున్నారని అందరికంటే గట్టిగా అడిగింది ఆకుకూరల నూకాలు. మనిషి చెయ్యి తగలని పద్ధతి కావాలంది. అలా వచ్చాను నేను. పేర్లు ఎక్కించిన రోజున తోటకూర కట్టలు అమ్ముడయ్యేదాకా ఆగి, అందరికంటే ఆఖరున వచ్చింది. ఇరవై నాలుగో పేరు ఆమెది.

పేకముక్కల్లా పేర్లను కలిపే పనిముట్టును షఫుల్ అంటారు. దానికి మొదట ఒక అంకె చెబితే ప్రతిసారీ ఒకే తీరున కలుపుతుంది. సరిచూసుకోవడానికి వీలుగా ఉంటుందని సంయుక్త ఏడు అని చెప్పింది. తరవాత తీసేద్దామనుకుంది. ఈలోగా వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది.

ఆ కలపడంలో మొదటి పేరు తొమ్మిదికి పోతుంది, తొమ్మిదోది మూడుకి, మూడోది ఇంకో చోటికి. కిందటి నెల వరసనే మళ్ళీ కలుపుతారు గనక అందరూ తిరుగుతూనే ఉంటారు. ఎవరికీ అనుమానం రాదు. ఇరవై నాలుగోది ఒక్కటే ఉన్నచోట ఉండిపోతుంది.

ఆ చోటు గోడ చాటున, చేపలు కడిగిన నీళ్ళు పారే కాలవ పక్కన. అక్కడికి కొనేవాళ్ళు రారు. గోంగూర మధ్యాహ్నానికే వాడిపోతుంది.

మొదటి నెల నూకాలు నవ్వేసింది. మూడో నెల నవ్వలేదు. అయిదో నెలకి పక్కవాళ్ళు పొద్దున్నే ఆమె ఎదురు పడకుండా తప్పుకోవడం మొదలెట్టారు. కొండకి పోయి తలనీలాలిచ్చి వచ్చింది. ఆరో నెల నాయుడు గారు జాలిపడి, పేర్లు కలిపే మీట నువ్వే నొక్కమన్నారు. చీర చెంగుతో వేలు తుడుచుకుని నొక్కింది. ఇరవై నాలుగు. చాలాసేపు తన వేలినే చూసుకుంది.

ఎనిమిదో నెల ఒకటే అడిగింది. "ఒక్కపాలి నా పేరు పైన ఎక్కించండి బాబూ. ఆపైన ఏదొస్తే అది."

నాయుడు గారికి చీటీలనాటి నింద ఇంకా మానలేదు. మళ్ళీ మాట పడదలచుకోలేదు. "మిషను ముందు అందరూ ఒకటేనమ్మా. పైనుంటే ఏంటి, కిందుంటే ఏంటి," అన్నారు.

ఆయన బతుకులో అంత నిజాయితీగా ఇంకే మాటా అని ఉండరు. పేరు ఒక్క మెట్టు పైకి జరిపినా ఆమె ఆ గోడ చాటునుంచి బయటపడేది. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ఏడును తుడిచేయడానికి చెయ్యీ లేదు.

పదకొండో నెల తొలిరోజున నూకాలు ఖాళీ తట్టతో వచ్చింది. రేపటినుంచి రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి పోతున్నానని చెప్పి, పేరు తీసేయమంది. ఇంకో నెల చూడమన్నారు నాయుడు గారు.

"నా రాతే అంత బాబూ. మీ మిషను తప్పు లేదు."

మనిషిని అంత గట్టిగా అనుమానించిన ఆ నూకాలు నన్ను ఒక్కరోజు కూడా అనుమానించలేదు.

తీసేసే పనిముట్టు వచ్చి ఆమె పేరు తీసుకుపోయింది. అన్నిటికంటే కింద ఉన్న పేరు గనక పైవాళ్ళెవరూ జరగనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే సింహాద్రి అని, బీరకాయలు అమ్మే అతను పేరు రాయించుకున్నాడు. కొత్త పేరు ఎప్పుడూ అడుగునే చేరుతుంది. తన చోటు చూసుకుని వచ్చి, మంచి చోటు ఎన్నాళ్ళకి రావచ్చని నాయుడు గారిని అడిగాడు.

"వచ్చే నెలే రావచ్చు," అన్నారాయన. మనసారా అన్నారు.