తారు కింద చెక్క

మధ్యాహ్నపు ఎండకి పడవకి పూసిన తారు మెత్తబడి వడ్రంగి మేస్త్రి సుత్తికి అంటుకుంటోంది. పొద్దుటినుంచి కొడుతూనే ఉన్నాడు. ఒక దెబ్బ వేస్తాడు, చెవి ఆనిస్తాడు, కాసేపు ఆగుతాడు. మంచి చెక్క ఖంగుమంటుంది. పుచ్చు చెక్క డొల్లగా మోగుతుంది. తారు పట్టించిన చెక్క మాత్రం ఏదైనా ఒకేలా పలుకుతుంది, ఏం చెప్పినా 'అలాగే' అనే మనిషిలా.

"ఏం మేస్త్రన్నా, నాడి చూస్తున్నావా, జోల పాడుతున్నావా?" అని సరంగు కేకేశాడు. పడవ నడిపేది అతనే. అతని వెనక పడవ పనివాళ్లు, కళాసీలు ఐదుగురు వలలు, మంచుపెట్టెలు దగ్గర పెట్టుకుని ఇసకలో కూచున్నారు. మేస్త్రి చెక్కలన్నీ చూసి సుద్దగీత గీసేదాకా ఎవరూ పడవ ఎక్కరు. ఆ రేవులో అది తాతలనాటి కట్టుబాటు. గీత పడ్డాకే తారు పూయాలన్నది రెండో కట్టుబాటు. దాన్ని పడవ సొంతదారు షావుకారు రెండేళ్ల కిందటే ఎత్తేశాడు. "పడవని రెండు రోజులు ఊరికే ఎండబెట్టుకోనా?" అన్నాడు. అప్పట్నుంచీ తారు పూశాకే గీత.

కిందటేడు మేస్త్రి తారు మీదే కొట్టి, తారు మాటే నమ్మి గీత గీశాడు. ఇంజను గదిలోకి దిగేది సొంత తమ్ముడాయె, చూడకుండా గీస్తాడా అనుకున్నారంతా. తొమ్మిదో రోజున ఇంజను కింది చెక్క ఊడింది. పడవ ఒరిగి గది తలుపు బిగుసుకుపోయింది. వేరే పడవకి కట్టి లాక్కొచ్చారు. తమ్ముడు అందులోనే దొరికాడు, చేతిలో పానాతో.

"లోపల్నుంచి కొడుతూనే ఉన్నాడన్నా, చాలాసేపు," అన్నాడు సరంగు ఆవేళ. ఆ మాటొక్కటీ చెప్పకపోతే బాగుండేది.

ఇప్పుడు సుత్తి ఆగినా లోపల ఒక దెబ్బ వినిపిస్తోంది. తను వేసిన దెబ్బ కంటే స్పష్టంగా.

వలల పాకలోంచి మరదలు వచ్చింది, తమ్ముడి భార్య. వేళ్లకి దారం ఇంకా చుట్టుకునే ఉంది. ఈసారి ఇంజను గదిలోకి దిగేది ఆమె తోడబుట్టినవాడు.

"గీత గీశారా బావగారూ?"

"ఇంకా లేదమ్మా."

"కిందటేడు పొద్దున్నే గీసేశారుగా."

నిష్ఠూరంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

షావుకారు గొడుగు వేసుకుని దగ్గరికొచ్చాడు. "పోటు తగ్గితే రేపటిదాకా పడవ దిగదు. ఇంజను కింద కొత్త చెక్క వేయించానుగా! సుద్దముక్కకి ఇంత బెట్టా?"

"కొత్తదా షావుకారూ? ఏ కలప అడితిలో కొన్నారు?"

షావుకారు గొడుగు చెయ్యి మార్చుకున్నాడు. "ముప్పై ఏళ్లుగా నా కూలి తింటున్నావు. నన్నే అడుగుతావా?"

"తిన్నాను. కిందటేడు తిన్నదే ఇంకా అరగట్లేదు."

మేస్త్రి సుత్తి కింద పెట్టి ఉలి అందుకున్నాడు. ఇంజను కింద తారు గీకడం మొదలెట్టాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్! రేపట్నుంచి ఈ రేవులో నీకు పని ఉండదు!"

"లేకపోతే పోనీండి."

తారు చుట్టలు చుట్టుకుని రాలుతోంది. కింద చెక్క బయటపడింది. దాని నిండా పాత మేకుల బొక్కలు, వరసగా, లప్పం పెట్టి పూడ్చినవి. ఎప్పుడో విరగ్గొట్టిన ఏ పడవదో. మేస్త్రి ఉలి ఆనించి అరచేత్తో నొక్కాడు. సుత్తి అక్కర్లేకుండానే పిడిదాకా దిగింది. లాగితే, పొద్దున పడవ కడిగినప్పుడు అడుగున మిగిలిన నీళ్లు నల్లగా సన్నటి ధారకట్టాయి.

"చూస్తారేంరా, గుడ్డ కుక్కండి!" అని అరిచాడు షావుకారు.

ఒక కళాసీ గుడ్డ పట్టుకుని లేచాడు. షావుకారు వైపు చూశాడు, సరంగు వైపు చూశాడు, మరదలి వైపు చూడలేక అక్కడే నిలబడిపోయాడు.

అవతల పోటు నిండుగా ఉంది. ధార ఇసకలో గాడి చేసుకుంటూ కళాసీల కాళ్ల దాకా వచ్చింది. ఎవరూ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఎవరూ పడవ వైపు అడుగూ వేయలేదు.