అత్తగారి ఆటపెట్టె

మైక్రోస్కోప్ కింద ఫోను బోర్డు ఊరంత పెద్దదిగా కనబడుతోంది. ఆమె ఊపిరి బిగబట్టి, ఆవగింజలో సగం కూడా లేని చిప్పును ట్వీజర్ కొనతో ఎత్తి పక్కన పెట్టి, అప్పుడు ఊపిరి వదిలింది. పొద్దున్నించి ఇది మూడో ఫోను. నీళ్ళలో పడ్డవి ఇంకా నాలుగు ట్రేలో వరసగా పడుకుని ఉన్నాయి. టైము పదిన్నర. బల్ల కింద, ఆమె కాళ్ళకి ఆనుకుని, తువ్వాలులో చుట్టిన అత్తగారి ఆటపెట్టె, టీవీకి తగిలించి ఆడే పాత వీడియోగేము, ఉంది. సాయంత్రం ఐదింటికి అత్తగారు వెళ్ళిపోతున్నారు. ఆలోపు అది పలకాలి.

ఆ ఫోన్ల రిపేరు కొట్టులో ఆమె చేరి పంతొమ్మిదేళ్ళు. ముందు కౌంటర్లో కూర్చునేవాళ్ళు ఏడాదికొకరు మారతారు. ప్లైవుడ్ అడ్డుగోడకి వెనక ఆమె మాత్రం మారలేదు. ఫోను ఇచ్చిపోయేవాళ్ళకి ఆమె మొహం తెలియదు. కొట్టులో ఆమెను ‘సూదిచెయ్యి’ అంటారు. అది పొగడ్తో ఎకసెక్కమో ఆమె ఎప్పుడూ అడగలేదు. నలభై ఏడేళ్ళ సన్నటి మనిషి. గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకుంటుంది. కుడి చూపుడువేలి నిండా పాత కాలిన మచ్చలు. మెడ వంచి వంచి, నిలబడినప్పుడు కూడా కింద ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు ఉంటుంది.

అత్తగారిది వేరే తీరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి, రెండు చేతులతో నాలుగు ఊళ్ళు కలిపిన మనిషి. కోడలు వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు, ఆవిడ చేతుల్లో ఉన్న ఆటకి అడ్డూ లేదు. ఆ ఆటపెట్టె కొన్నది కొడుకు, మొదటి జీతంతో, తనకోసం. ఒక మధ్యాహ్నం తల్లి సరదాగా పట్టుకుంది. అంతే, ఇక కొడుక్కి దక్కలేదు. పైనుంచి రంగురంగుల దిమ్మలు పడుతుంటాయి. తిప్పి, సర్ది, వరస నింపితే ఆ వరస మాయమవుతుంది. రోజూ స్నానం కాగానే రెండు గంటలు ఆవిడ దాని ముందు కూర్చునేవారు. ఆట క్యాసెట్‌లోనే ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్ళవి, మనిషికొకటి చొప్పున, మూడు పేర్ల పట్టిక ఒకటుంది. మొదటి వరస అత్తగారిది. రెండోది కొడుకుది, మూడే మూడు అక్షరాలు. మూడోది ఖాళీ. ఆరేళ్ళ క్రితం ఆ కొడుకు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ ఆ పట్టికా మిగిలారు.

రెండేళ్ళుగా అత్తగారికి మరుపు. ముందు తాళంచెవులు, తర్వాత వీధి పేరు, ఆ తర్వాత కొడుకు లేడన్న సంగతి. చేతులు మాత్రం ఆటను మరవలేదు. మూడు వారాల క్రితం ఆమె పని నుంచి వచ్చేసరికి వంటింటి నిండా గ్యాసు. స్టవ్ తిప్పి ఉంది, అగ్గి లేదు, అత్తగారు అగ్గిపెట్టె ఎక్కడ పెట్టారో వెతుకుతున్నారు. ఆమె కిటికీలన్నీ తెరిచి, గుమ్మంలో కూలబడి, భర్త అక్కకి ఫోన్ చేసింది. ఇక నా వల్ల కాదు వదినా, తీసుకెళ్ళండి అంది. వదిన మంచిది. తల్లితో మాత్రం తనే రమ్మంటున్నట్టు చెప్పింది. పంపమన్నది ఎవరో పెద్దావిడకి తెలియదు. ఆ రోజు నుంచీ కోడలు గ్యాసు బండ కట్టేసి, బయట తాళం వేసి పనికి వస్తోంది. తాళం తిప్పినప్పుడల్లా ఆ చప్పుడు ఆమె పళ్ళలో తగులుతుంది.

అసలే అలా ఉంటే, తొమ్మిది రోజుల క్రితం ఆటపెట్టె కాలిన వాసన వేసి ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల బోర్డు చెదలు తిన్న కాగితంలా ఉంది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు. అందుకని పాత పేగులన్నీ తీసేసి, అరచెయ్యంత కంప్యూటరు బోర్డు ఒకటి తెప్పించి అందులో కూర్చోబెట్టింది. అత్తగారి వేళ్ళకి అలవాటైన కంట్రోలర్ తీగలని దానికి కలిపింది. పాత టీవీకి ఈ బోర్డు కలవదని తెచ్చిన కొత్త టీవీకి వెళ్ళే వైరు కోసం వెనకవైపు ఆకురాయితో చిన్న సందు చేసింది. పైకి అదే పసుపెక్కిన డొప్ప, అదే ఎర్ర మీట. ఇక మిగిలింది క్యాసెట్ లోపలి ఆటనీ పట్టికనీ కొత్త బోర్డులోకి ఎక్కించడం. కష్టమంతా అక్కడే ఉంది. ఆ పట్టికని నిలబెడుతున్నది క్యాసెట్‌లో అతికించిన ఒక బిళ్ళ సెల్లు. రాత్రి మీటరు పెడితే రెండు పాయింట్ ఒకటి వోల్టులు చూపించింది. రెండు దాటి దిగితే పేర్లు పోతాయి. సెల్లు పీకినా పోతాయి.

పదకొండింటికి కొట్టు యజమాని అడ్డుగోడ మీదుగా తల పెట్టాడు. నాలుగు ఫోన్లూ మూడింటికల్లా కావాలన్నాడు. మూడింటికి నేను వెళ్ళాలండీ అని ఆమె అంటే, ఫోన్లు అయితే వెళ్ళమన్నాడు.

పన్నెండు కాకముందే పక్కింటి టైలరమ్మ నుంచి ఫోను. అత్తగారు తలుపు బాదుతున్నారట, ఎంత చెప్పినా వినడం లేదట. కిటికీలోంచి ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టమంది.

“ఎవరండీ లైన్లో?” అన్నారు అత్తగారు, గట్టిగా, ఉద్యోగం చేసే రోజుల్లో గొంతుతో.

“నేనే అత్తయ్యా.”

“ఏ ఊరు కావాలి?”

ఆమె కళ్ళు మూసుకుంది. ట్రేలో ఇంకా రెండు ఫోన్లున్నాయి. “మన ఊరే అత్తయ్యా. కొంచెం టైము పడుతుందట. మీరు కుర్చీలో కూర్చుని లైన్లో ఉంటారా?”

“ఉంటాను. అదేగా నా పని.”

బాదడం ఆగిందని కాసేపటికి టైలరమ్మ చెప్పింది.

ఒకటిన్నరకి అందరూ క్యారేజీలు విప్పారు. ఆమె విప్పలేదు. తువ్వాలు తీసి, క్యాసెట్ మరలు విప్పి, మైక్రోస్కోప్ కింద పెట్టింది. మీటరు తాకించింది. రెండు పాయింట్ సున్నా మూడు. భోజనానికిచ్చేది అరగంటే టైము. పాత సెల్లు ప్రాణం పోయేలోగా పక్కనుంచి కొత్త సెల్లు కరెంటు అందించాలి, అదీ పాతదాన్ని కదపకుండా. సోల్డరింగ్ ఐరన్ కొన వెంట్రుకవాసి జారి పక్కనున్న చిప్పు కాలికి తగిలితే చాలు, అన్నీ ఆవిరి. మొదటి తీగ అతికింది. రెండోది పట్టలేదు; పైన ఫ్యాను గాలికి సీసం కరిగినట్టే కరిగి గడ్డకడుతోంది. లేచి ఫ్యాను ఆపాలంటే తీగ వదలాలి. వదిలితే అది ఎటు పడుతుందో తెలియదు.

అప్పుడే వెనక అలికిడి. యజమాని నిలబడి ఉన్నాడు. సొంత పని కొట్టులో చేయకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. ఆయన తువ్వాలు వంక చూశాడు, పసుపెక్కిన డొప్ప వంక చూశాడు, ఆమె బిగిసిన మోచేతుల వంక చూశాడు. గోడ దగ్గరికెళ్ళి ఫ్యాను ఆపేశాడు. “ఒక పది నిమిషాలు ఆగండయ్యా, లోపల పని నడుస్తోంది” అని ఎవరికో చెబుతూ కౌంటర్లోకి వెళ్ళి తనే కూర్చున్నాడు.

రెండో తీగ పట్టింది. మీటరు మూడు చూపించింది.

ఇక క్యాసెట్‌ని చదివే పరికరంలో పెట్టి ఒకసారి చదివించింది. నమ్మకం కోసం రెండోసారి చదివించింది. రెండూ కలవలేదు. ఎక్కడో అక్షరాలు తేడా. దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి, క్యాసెట్ అంచున బంగారు రంగు పళ్ళు ఒక్కొక్కటే తుడిచింది, చంటిపిల్ల ముక్కు తుడిచినంత మెల్లగా. దూది నల్లబడింది. మూడోసారి చదివించింది. నాలుగోసారి. ఆ రెండూ ఒకటే. ఆ ప్రతిని కొత్త బోర్డులోకి ఎక్కించింది.

చిన్న తెర మీద పట్టిక తెరుచుకుంది. మొదటి వరస. రెండో వరస. భర్త మూడు అక్షరాలు చెక్కుచెదరకుండా ఆమె వంక చూశాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కాసేపు వాటి మీద కూర్చుంది. తర్వాత ట్రేలో మిగిలిన చివరి ఫోను తీసుకుంది.

నాలుగుంపావుకి ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు కారుంది. వదిన తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, సంచులు కట్టి సిద్ధంగా ఉంది. చీకటి పడకముందే చేరాలని ఆవిడ తొందర. డ్రైవరు అప్పుడే ఒకసారి హారన్ కొట్టాడు. అత్తగారు మంచం అంచున ఇస్త్రీ చీరలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఖాళీ చేతులు. బొటనవేళ్ళు మాత్రం చీర కుచ్చెళ్ళ మీద నొక్కుతూనే ఉన్నాయి.

ఆమె చెప్పులు కూడా విడవకుండా టీవీ వెనక వైరు పెట్టింది. ఎర్ర మీట నొక్కింది. ఒక్క క్షణం నల్లటి తెర. తర్వాత పాత పాట, కీచుగా, హుషారుగా. అత్తగారి వీపు నిటారుగా అయింది. కంట్రోలర్ అందుకున్నారు. దిమ్మలు పడసాగాయి. ఒకటి, రెండు, ఐదు. ఆరోది తప్పు చోట పడింది. ఏడోదీ అంతే. అత్తగారు కంట్రోలర్ మంచం మీద పెట్టేశారు.

“ఇది నాది కాదు.”

“అమ్మకిప్పుడు అవన్నీ ఎక్కడ గుర్తుంటాయే” అంది వదిన మెల్లగా. “నువ్వు చేయగలిగింది చేశావు. బయల్దేరతాం.”

ఆమె కదల్లేదు. మంచం ముందు గొంతుక్కూర్చుంది. “ఎందుకు కాదు అత్తయ్యా?”

“లైను దూరం” అన్నారు అత్తగారు విసుగ్గా. “నేను ఇక్కడ మాట్లాడితే అవతలివాడికి ఆలస్యంగా వినబడుతోంది.”

ఆమెకి అర్థమైంది. తప్పు ఆవిడ మతిది కాదు, టీవీది. కొత్త టీవీలు బొమ్మకి నగిషీలు చెక్కి గానీ చూపించవు. కంటికి తెలియనంత ఆలస్యం. కంటికి తెలియకపోయినా ఆ వేళ్ళకి తెలిసింది. ఆమె టీవీ రిమోట్ తీసుకుని సెట్టింగుల్లోకి వెళ్ళింది. అందులో ఒకటి, దాని కింద ఇంకొకటి. హారన్ మళ్ళీ మోగింది. వదిన సంచులు పట్టుకుని బయటికి నడిచింది. నగిషీలన్నీ ఆపేసే మాట చివరికి ఎక్కడో అడుగున దొరికింది.

“ఇప్పుడు చూడండి.”

అత్తగారు ఒక్క మీట నొక్కారు. తల వంచి, ఏదో వింటున్నట్టు ఆగారు. “ఆ. కలిసింది.”

ఇక వేళ్ళు పరుగెత్తాయి. ఆమె నేల మీదే కూర్చుని చూస్తోంది. వరసలు నిండుతున్నాయి, మాయమవుతున్నాయి. గదిలో ఇద్దరే ఉన్నారు.

“నన్ను పంపమన్నది నువ్వేగా?” అన్నారు అత్తగారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

కాదనడం తేలిక. వదిన అబద్ధం ఎలాగూ సిద్ధంగా ఉంది. ఇంకో గంటకి ఆవిడ ఈ ప్రశ్ననే మరిచిపోతారు.

“నేనే అత్తయ్యా.”

పొడుగు దిమ్మ ఒకటి వచ్చింది. అత్తగారు దాన్ని నిలబెట్టి, సందులోకి సూటిగా దింపారు. నాలుగు వరసలు ఒక్కసారే పోయాయి.

“నేనైతే రెండేళ్ళ ముందే పంపేసేదాన్ని” అన్నారు. “నీకు ఓపిక ఎక్కువ. అది మంచిది కాదు.”

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఇంకేదో వచ్చింది. మొహం మోకాళ్ళలో దాచుకుంది. అత్తగారు చూడలేదు, ఆట కష్టమైన చోటికి వచ్చింది. కాసేపటికి దిమ్మలు పైకప్పుని తాకి ఆట ముగిసింది. పట్టిక వచ్చింది. అత్తగారు రెండో వరస దగ్గర వేలు పెట్టి, అక్షరాలు మూడూ కూడబలుక్కున్నారు.

“వీడు నన్ను దాటలేదు” అన్నారు తృప్తిగా. తర్వాత గొంతు తగ్గించి, “దాటకుండానే పోయాడు” అన్నారు. కొడుకు లేడన్న సంగతి ఆవిడకి గుర్తు రావడం ఈ ఏడాదిలో అదే మొదటిసారి.

తనే ఎర్ర మీట నొక్కి ఆపారు. ఆమె వైర్లు విప్పి, పెట్టెని తువ్వాలులో చుట్టింది. వదిన వాళ్ళింటి టీవీలో ఏది ఎక్కడ నొక్కాలో ఆమె చీటీ మీద రాసి ఇచ్చింది. వదిన ఆ చీటీ పర్సులో పెట్టుకుని, ఆమె భుజం ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. కారు దగ్గర అత్తగారు పెట్టెని ఒళ్ళో పెట్టుకుంటేగాని తలుపు వేయనివ్వలేదు. కారు కదిలింది. ఆవిడ వెనక్కి చూడలేదు. టైలరమ్మ కుట్టుమిషన్ ఆపి గుమ్మంలోకొచ్చి చెయ్యి ఊపింది. మలుపు దగ్గర కారు వెనక ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరింది.

ఆమె లోపలికి వచ్చి, అలవాటుగా తాళం కోసం చెయ్యి చాచి, ఆగిపోయింది. టీవీలో ‘సిగ్నల్ లేదు’ అన్న మాట తెర మీద ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతోంది. కట్టేసింది. దుప్పటి మడత పెడదామని మంచం దగ్గరికి వెళ్ళింది.

తలగడ మీద ఇంకో కంట్రోలర్ ఉంది. ఇద్దరు ఆడుకోవడానికి పెట్టెతో పాటు రెండోది వచ్చిందని ఇన్నేళ్ళలో ఆమెకి తెలియనే తెలియదు. అత్తగారు బీరువా అడుగునుంచి తీశారో, చీరల మధ్య నుంచి తీశారో. సర్దుకోవడంలో మరిచిపోయారో, కావాలనే వదిలారో అడగడానికి మనిషి లేదు. పలచటి ప్లాస్టిక్ కవరు ఇంకా దాని ఒంటి మీదే ఉంది. నల్లటి వైరు, ఫ్యాక్టరీలో చుట్టినప్పటి చుట్ట విడకుండా, దాని పక్కనే పడుకుని ఉంది.