చిత్తమనని పుల్లమ్మ

ప్రచండమార్తాండకిరణసంతప్తములై మాసములకొలది నిట్టూర్పులు విడిచిన నల్లగుట్ట శిఖరములపైకి తొలకరిమేఘములు గజయూథములవలె మెల్లమెల్లగ నెక్కివచ్చుచుండ మట్టివాసనచే మత్తిల్లిన ప్రభాతమారుతము దుర్గప్రాకారములను తాకి పాలెగాడగు వోబులరాజు కొలువుకూటపు తెరలను కదలింపసాగెను. సీమయెల్ల నాగళ్లు సవరించుకొనుచున్న యా సుముహూర్తమున సీమ నేలెడి రాజు మాత్రము తలపట్టుకొని కూర్చుండెను.

దయార్ద్రహృదయుడగు ఆ యువప్రభువు గుట్టమీది పల్లెలో చిరుతపులి సంచరించుచున్నదని విని కోటక్రింద రాతిగోడలతో నొక క్రొత్తవీధి కట్టించి పల్లెవారందఱు నందు కాపురముండవలెనని యాజ్ఞాపించియుండెను. ఏలినవారి మాటకు మాఱుమాట యెఱుగని యా జనులు చిత్తమని చేతులు కట్టుకొని దిగివచ్చిరి. వచ్చినది మొదలు తమ యోచనలను గూడ గుట్టమీదనే విడిచివచ్చినవారివలె ప్రతిదినమును కోటవాకిట మూగి యేచేన నేమి విత్తవలెనో యేయెద్దును అమ్మవలెనో ప్రభువునే యడుగజొచ్చిరి. ఆనాడు సుంకన్న యను ముసలికాపు వచ్చి నిలిచెను.

"దొరా, నా మనమరాలికి గంగమ్మని పేరు పెడదామని కోడలంటాది, కాదు నా పేరే పెట్టల్ల అని ముసిల్ది అంటాది. తమరొక పేరు చెప్పేస్తే ఇంట్లో పొయ్యి రాజుకుంటాది."

"నీకే పేరు నచ్చినదోయి?"

"నాకేం తెలుస్తాది దొరా. తమ చిత్తం."

రాజు నిట్టూర్చెను. అంతలో మంత్రి సింగన చేరవచ్చి "ప్రభూ, మేకలు కాచుకొను పుల్లమ్మ యను వితంతు వొకతె యింకను గుట్ట దిగలేదు. గుడిసెకు నిప్పంటించితిమా తానే దిగివచ్చును" అని విన్నవించెను. రాజునకు కోపము వచ్చెను. పుట్టి బుద్ధెఱిగినది మొదలు తన దయను కాదన్నవారు అతనికి తారసపడలేదు. భటులను వెంటగొని యొకనిచేత నిప్పులకుండ పట్టించి తానే గుట్ట నెక్కెను.

పుల్లమ్మ గుడిసెవాకిట కూర్చుండి తల్లి చేరనీయని మేకపిల్లకు పాలు పట్టుచుండెను. ఒడిలో పిల్ల యుండుటచే లేవక కూర్చుండియే దండము పెట్టెను.

"పుల్లమ్మా, ఇచ్చట చిరుత యున్నదని యెఱుగవా?"

"ఎరుగుదును దొరా. అది కూడా నన్నెరుగుతాది."

"నీ మేలు కోరి చెప్పుచున్నాను."

"మేలే, కాదంటానా. నాకొద్దన్నంక కూడా నెత్తికెత్తితే అది మేలెట్లయితాది, బరువయితాది."

"అందఱును చిత్తమనిరి. నీ కేమి వచ్చినది?" అని యొక భటుడు గద్దించెను.

పుల్లమ్మ వానివంక చూడక రాజువంకనే చూచి నిదానముగ పలికెను. "అన్నారు, వాళ్ల చిత్తం తమరి చేతిలో పెట్టి పోయినారు. నాకుండేది ఒకటే చిత్తం దొరా. అది కూడా ఇచ్చేస్తే రేప్పొద్దున దేంతో యోచన చేసేది? నేను పన్ను ఎగ్గొట్టినానా, ఒకరి చేలో మేకల్ని తోలినానా? తోలింటే కట్టెయ్యండి, కాదనను. పులి తింటే నన్ను తింటాది. ఆ భయం నాది, ఈ గుడిసె నాది."

తగులబెట్టుమను మాట రాజు నాలుకకొననే యుండెను. కాని యా మాట వెలువడలేదు. బాల్యమున తనకు ఆకలి యైనదో లేదో దాది నిర్ణయించెడిది. చలి వేయుచున్నదో లేదో తల్లి నిర్ణయించెడిది. తన మనసు తానెఱుగకుండ పెరిగిన తాను పరుల మనసులను తనవిగా నెంచి దానికి దయయని పేరు పెట్టుకొంటినని యతని కా క్షణమున తోచెను. కోపము చల్లారి దానితావున నొక వింతగౌరవ ముదయించెను. "నిప్పు చల్లార్చి దిగిపొండు" అని భటులతో పలికి తానును దిగిపోయెను.

మఱునాడు కొలువులో నతడు "దొంగను పట్టుట, బలవంతుని బారినుండి దుర్బలుని కాచుట, చెఱువుకట్ట తెగకుండ చూచుట, ఇవియే మా పనులు. ఎవరి యిల్లు ఎవరి విత్తనము ఎవరి బిడ్డపేరు వారివారి పనులు. ఇట్లని చాటింపు వేయింపుము" అనెను. సింగన కలవరపడి "అట్లైన ప్రభువులకు మిగులునదేమి?" అని యడిగెను. "నిద్ర మిగులును సింగనా. నీకును కొంత మిగులును" అని రాజు నవ్వెను.

వానలు ముదిరినపిమ్మట చిరుత పుల్లమ్మ మందలో నొక చూడిమేకను ఈడ్చుకొనిపోయెను. సింగన ముఖమున చెప్పితినిగదా యను భావము దాచినను దాగలేదు. రాజు దిగ్గునలేచి ఖడ్గము నందుకొని యంతలోనే నిలిచెను.

"ఆమె సాయము పిలిచినదా?"

"లేదు ప్రభూ."

"పిలిచినచో నేను వచ్చెదనని కబురంపుము. ఆమె పిలుచువఱకు కబురు తీసికొనిపోవువాడు తప్ప ఎవ్వరును గుట్ట నెక్కరాదు."

ఆ దినమెల్ల నతడు ప్రాకారముపై నిలిచి చూచుచుండెను. తడిసిన కొండవాలున పుల్లమ్మ యొంటరిగ ముండ్లకంపలు నఱకుచు ఈడ్చుచు జాఱుచు మఱల లేచుచు గుడిసెచుట్టు కంచె వేసికొనుచుండెను. ఆమె జాఱినప్పుడెల్ల భటులకు సైగచేయ రాజహస్తము పైకి లేచుచుండెను. లేచినప్పుడెల్ల నతడు దానిని దింపుకొనుచుండెను. పొద్దు వాలునప్పటికి కంచె కలిసెను. పుల్లమ్మ నడుము నిలుపుకొని మొగము తుడుచుకొని కోటవంక నొక్కసారియైన చూడక మేకలను లోనికి తోలుకొనెను.

పాదములపై పడిన వేలజనులను చూచి యెన్నడును పొందని యానందమును ముఖము త్రిప్పుకొన్న యా స్త్రీని చూచి వోబులరాజు పొందెను. చాచి గెలిచిన భుజములు రాజవంశములలో కొల్లలు. చాపగలిగియు చాపక నిలిచిన చేయి మిక్కిలి యరుదు. అట్టి చేయి యా సంధ్యాసమయమున వానకు తడిసిన ప్రాకారశిలపై నిశ్చలముగ నానియుండెను.