నౌక అమ్మకు

గ్రీష్మాతపమునకు వేగి వేసారిన తుని పట్టణమునకు తొలకరి మేఘములు తొంగిచూచి తొలగిపోవుచుండిన ఒకానొక జ్యేష్ఠమాసపు సాయంతనమున తాండవనదీతీరమునుండి వీచు తడిగాలికి అంగళ్ల ముంగిటి పరదాలు రెపరెపలాడుచుండగా బజారువీథియందలి ఒక కళ్లజోళ్ల దుకాణములో వరుసవరుసలుగా అమర్చబడిన అద్దములన్నియు అస్తమించు సూర్యుని ఒక్కనినే వేనవేలుగా ప్రతిబింబింపజేయుచుండెను. ఆ దుకాణమునకు అధిపతియు ఊరివారందఱి చూపును చక్కదిద్దుటయందు మిక్కిలి నేర్పరియునగు కర్రి ముక్తేశ్వరరావు ఎదుటివారి కంటిలోని మసకను క్షణములో కనిపెట్టువాడే గాని తన మనస్సులోని మసకను మాత్రము కనుగొనలేనివాడు. ఆ మాట కొంచెము ఘాటుగా ఉన్నది గాని నిజమైనప్పుడు చెప్పక తప్పునా?

ఈ సౌమ్యుడైన కళ్లజోళ్ల వర్తకుడు చేతిలోని ఫోను తెరచినంతనే నక్షత్రసేనాధిపతియై పోవుచుండెను. దేశదేశములవారు అంతర్జాలమున గుమిగూడి ఆడుకొను అంతరిక్షయుద్ధక్రీడ యొకటి గలదు. అందు గ్రహములను ఆక్రమించుటయు లోహములను త్రవ్వి నౌకలను నిర్మించుటయు కూటములు కట్టుటయు కట్టిన కూటములను పడగొట్టుటయు నిత్యకృత్యములు. తెలుగువారు కొందఱు చేరి అందు ధ్రువకూటమియను పేర నొక కూటమి నెలకొల్పుకొని ముక్తేశ్వరుని నాయకునిగా ఎన్నుకొనిరి. అచట కూలునవి బొమ్మ నౌకలే యైనను నొచ్చునవి మాత్రము నిజమైన మనస్సులే.

అట్లు నొచ్చిన మనస్సులలో మొట్టమొదటిది విశాలాక్షమ్మది. విజయనగరమున టెలిఫోను కార్యాలయములో చిరకాలము ఉద్యోగము చేసి విశ్రాంతి గైకొనిన ఆ పెద్దావిడను కూటమివారందఱును అమ్మ యనియే పిలుచుచుండిరి. ఈ క్రీడలో ముక్తేశ్వరునకు ఓనమాలు నేర్పినది ఆమెయే. కూటమికి ప్రాణాధారమైన మహానౌకను ఏండ్ల తరబడి లోహము కూడబెట్టి ఓపికగా నిర్మించినదియు ఆమెయే. అట్టి ఆమె ఒకనాటి మధ్యాహ్నము భోజనానంతరము కాపలావంతులో ఉండగా రవంత కునుకు తీయుటయు ఆ సందున శత్రువులు ఒక గ్రహమును అపహరించుటయు సంభవించెను. పౌరుషము తలకెక్కిన ముక్తేశ్వరుడు కూటమివారందఱును ఫోనులలో ముచ్చటించుకొను నిండుసభలో నోరు జారెను.

“వయసైపోయినవాళ్లకి ఈ ఆటలెందుకండీ, ఇంట్లో కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక!”

మఱునాడు ఆమె పేరు శత్రువులగు చక్రకూటమివారి పతాకము క్రింద కనబడెను. ద్రోహము ద్రోహమని అందఱును గగ్గోలు పెట్టిరి. అందఱికంటె బిగ్గరగా గగ్గోలు పెట్టినవాడు మన ముక్తేశ్వరుడే. ఐనను ఒంటరిగా నున్నప్పుడెల్ల తానన్న ఆ మాట గొంతులో చేపముల్లువలె గ్రుచ్చుకొనుచు మ్రింగుటకును రాక కక్కుటకును రాక అతనిని వేధించుచుండెను. క్షమింపుమని ఒక్క మాట అడిగిన పోయెడిదే గాని ఆ ఒక్క మాటకే అతనికి నోరు రాలేదు.

పోవుచు పోవుచు విశాలాక్షమ్మ తన మహానౌకను వెంట గొనిపోక ఉమాశశికి అప్పగించి పోయెను. ఈ ఉమాశశి గద్వాలలోని బాలికల పాఠశాలయందు లెక్కల ఉపాధ్యాయిని. ముక్కుసూటిగా మాటలాడునది. ఆమెయు ముక్తేశ్వరుడును ఏనాడును ముఖాముఖి కలిసికొని యుండలేదు. అయినను ఆమె పలుకరింపు రానిదే అతనికి సాయంకాలపు తేనీరు రుచింపదు. దానిని స్నేహమందురో అంతకు మించిన మఱియొకటి యందురో ఇరువురిలో ఎవ్వరును పేరు పెట్టి యెఱుగరు. పెద్దామెకు ఒక్క మాట చెప్పరాదా యని ఆమె పోరుచుండుటయు అతడు మాట మార్చుచుండుటయు వారికి పరిపాటియై పోయెను.

ఆ సాయంతనమున అతని ఫోనునకు ఉమాశశి వ్రాసిన వర్తమానము వచ్చెను.

“చక్రంవాళ్లు మన నౌకను కొంటమంటున్నరు. అమ్మ గూడ ఒక్కసారి నడిపి ఇస్తనని అడుగుతాంది. ఏం జేయాలె? జల్ది చెప్పు.”

అప్పుడు ముక్తేశ్వరుడు ఒక ముసలి రైతునకు కంటిపరీక్ష చేయుచు గోడమీది అక్షరములను చదివించుచుండెను. ఆ రైతు ‘బ’ను ‘ఖ’ యనుచు తడబడుచుండగా ఒక చేత అద్దములు మార్చుచు వేఱొక చేత ‘నౌక అమ్మకు’ అని రెండే రెండు మాటలు వ్రాసి పంపి మఱల తన పనిలో మునిగిపోయెను. విక్రయింపవలదని అతని భావము.

ఔరా, మన తెలుగు ఎంత చిలిపిది! అమ్మకుము అని కఠినముగా కాదనుటకును అమ్మకిమ్మని మెత్తగా ఔననుటకును ఆ మూడక్షరములే చాలినవి. పదముల నడుమ ఒక్క మాట కూడ ఎక్కువ పెట్టుటకు తీరికలేని నాయకుడు వ్రాసెను. ఎన్నాళ్లనుండియో ఆ మాటకై కాచుకొనియున్న ఉమాశశి చదివెను. అతని మనస్సు కరగినదిగదా యని ఆమె కన్నులు చెమర్చెను. ఆ క్షణముననే మహానౌకను శాశ్వతముగా విశాలాక్షమ్మ వశము చేసి ‘ఇది ముక్తి ఇయ్యమన్నడమ్మా’ అని వ్రాసి పంపెను.

మఱునాటి ఉదయమున దుకాణము తెరచి కూటమి సభను చూచిన ముక్తేశ్వరునకు గుండె గుభేలుమనెను. మహానౌక చక్రకూటమి పతాకముతో సేనాముఖమున నిలిచి ధ్రువమండల ద్వారమువైపు కదలి వచ్చుచుండెను. ఆ ద్వారము కూలినచో కూటమి యావత్తు తుడిచిపెట్టుకొని పోవును. ఉమాశశి ద్రోహి యనియు ఆమెను తక్షణమే వెలివేయవలెననియు సభ్యులు కేకలు వేయుచుండిరి. వెలివేయు అధికారము నాయకునిదే. అతని వ్రేలి క్రింద ఆ మీట సిద్ధముగా నుండెను. పదిమంది మధ్య తనకు మిగిలిన ఒక్క ఆత్మీయురాలిని తన చేతులతోనే త్రోసివేయవలసి వచ్చెగదా యని అతడు వ్రేలు వెనుకకు తీసికొనెను. మీట నొక్కక ఆమెకు ఫోను చేసెను.

“ఎందుకిలా చేశావు ఉమా? ఇంక నిన్ను కూడా నమ్మకూడదా నేను?”

“అదేంది? నువ్వే కద రాసినవు!”

“నేనేం రాశాను? నౌక అమ్మకు అన్నాను!”

“అమ్మకే కద ఇచ్చిన!”

లెక్కల పంతులమ్మకే ముందుగా లెక్క తెగెను.

“అయ్యో దేవుడా. అమ్మొద్దనా నువ్వన్నది?” అనెను ఆమె. “నువ్వు మనసు మార్చుకున్నవనుకున్న ముక్తీ. సంతోషం పట్టలేక పొద్దున పిల్లలకు పాఠం గూడ సక్కగ చెప్పలే. సరే, నన్ను వెలేసెయ్, ఏం గాదు. గని ఈ సంగతి అమ్మకు మాత్రం చెప్పకు. పాపం, ఆమె ఎంత మురిసిపోయిందో నీకు తెల్వదు.”

ముక్తేశ్వరునకు సిగ్గుతో తల కొట్టివేసినట్లయ్యెను. తాను చేయవలసిన మంచిపనిని తన పొరపాటు చేసి పెట్టినది. తాను చూపవలసిన దయకు మఱియొకతె నిందపడుచున్నది. అతడు ఫోను పెట్టివేసి సభలో ఇట్లు వ్రాసెను. “నౌక ఇచ్చింది నా మాట మీదే. ఉమ తప్పు రవ్వంత లేదు. వెలి వేయాలంటే నన్ను వేయండి.”

వారు దిగ్భ్రాంతులై యుండగనే శత్రుసేన ద్వారమును సమీపించెను. ఆ క్రీడయందు ఇరుపక్షములవారును ఒకరి మాట యొకరు వినగల ధ్వనిమార్గ మొకటి గలదు. అందఱును ఊపిరి బిగబట్టి వినుచుండగా మహానౌక ద్వారము నోటివఱకు వచ్చి ఆగెను. ఆగి మెల్లమెల్లగా అడ్డముగా తిరిగెను. తిరిగి తన ఫిరంగులన్నింటిని తన వెనుక వచ్చుచున్న చక్రకూటమివారి వైపునకే సారించి నిలిచెను. మోసమని చక్రాధిపతి గర్జించెను.

“మోసవే బాబూ, కాదన్ను,” అనెను విశాలాక్షమ్మ. “ఆదరించినోళ్లు మీరు, ఆ మాట మరవను. గానీ మా పిల్లల గుమ్మం కాడికి కత్తట్టుకుని రాలేను. నన్నొగ్గీండి, మీ దారిన మీరెల్లిపోండి.”

అట్టి నౌక అడ్డుపడిన ద్వారమును చొచ్చుకొని పోవుట అసాధ్యమని తెలిసిన చక్రకూటమివారు తిట్టుకొనుచు వెనుదిరిగిరి. ద్రోహమునకు ద్రోహమే విరుగుడైన ఆ విచిత్రమును చూచి ధ్రువకూటమివారు కన్నులు నులుముకొనిరి. శత్రువులు మార్గము విడిచి పోయిన పిమ్మట ఆమె కంఠము మఱల వినబడెను. ఈ పర్యాయము అది కొంచెము జంకుచుండెను.

“నాయనా ముక్తీశరం, ఈ ఓడ నాకిచ్చీమని నువ్వే రాసావంట. నిజవేనేటి?”

ఉమాశశి గుండె ఎంత వేగముగా కొట్టుకొనెనో గద్వాలకు పోయి వినినవారు లేరు గాని తునిలో ముక్తేశ్వరుని గుండె మాత్రము ఎదుట కూర్చున్న బేరగానికి సైతము వినబడునంతగా కొట్టుకొనెను.

“నిజమేనమ్మా. నౌక అమ్మకు అనే రాశాను,” అనెను అతడు. ఒక్క అక్షరమైనను అబద్ధము కాదు. కాని అంతటితో ఆగిన అది అబద్ధమే యగునని అతనికి తోచెను. ఇన్నాళ్లు రాని నోరు అప్పుడు వచ్చెను. “దానికంటే ముందు రాయాల్సింది ఇంకోటుందమ్మా. ఆ రోజు నలుగురిలో నిన్ను అంత మాట అనకూడదు. బుద్ధి లేక అన్నాను. నువ్వు వెళ్లిపోయావని తిట్టుకున్నాను గానీ, వెళ్లగొట్టింది నేనే. క్షమించమ్మా.”



“ఉండండర్రా,” అనెను విశాలాక్షమ్మ. “పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి. ఇప్పుడే వచ్చీసాను.”

తన మాట ఇతరులకు వినబడకుండ కట్టివేయు మీట నొక్కుట ఆమె మఱచెను. పొయ్యి చప్పుడు గాని గిన్నె చప్పుడు గాని వారికి వినరాలేదు. కొంగు నోటికడ్డము పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చుచున్న ఒక పెద్దావిడ ఏడుపు మాత్రము ఆయా ఊళ్లలో ఆయా గదులలో కూర్చున్న ఆ వీరులందఱికిని స్పష్టముగా వినబడెను. ఎవ్వడును కదలలేదు. ఎవ్వడును దగ్గలేదు. ముక్తేశ్వరుడు తన కళ్లజోడు తీసి తుడుచుకొనెను. తుడువవలసినది అద్దములు కావని బేరగాడు గ్రహించి వీథివైపునకు తిరిగి కూర్చుండెను.

కొంతసేపటికి ముక్కు చీదిన ధ్వనియు గొంతు సవరించుకొనిన ధ్వనియు అయిన పిమ్మట ఆమె తిరిగి వచ్చెను.

“పాలు పొంగినయా అమ్మా?” అని ఉమాశశి మెల్లగా అడిగెను.

“లేదు తల్లీ, సరిగ్గా టయానికి అందుకున్నాను,” అనెను విశాలాక్షమ్మ నవ్వుచు. అందఱును మంచిదయ్యెననిరి. ఆనాడు తాము వినిన సంగతి ఆమెకు నేటివఱకును చెప్పినవారు లేరు.